కందిపప్పులో జారిన వత్తు

తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాగ్నా నది చుట్టుపక్కల, నాపరాయి పొరలను కప్పి ఉన్న నల్లరేగడిలో పండే ఆ కందులను ఆడిస్తే వచ్చే పప్పు తొందరగా ఉడుకుతుందని, రుచిలో దానికి సాటి లేదని హైదరాబాద్ బజారులో చాలాకాలంగా పేరుంది. గుర్తింపు వచ్చాక ఆ పేరుకు చట్టం అండ కూడా దొరికింది. ఇప్పుడు సంచి మీద తాండూరు కందిపప్పు అన్న రెండు మాటలు ఉంటేనే సరుకుకు మంచి ధర. ఈ రెండు మాటలను ఒక పైథాన్ ప్రోగ్రాం తప్పులేకుండా అచ్చు వేయాలంటే కంప్యూటర్‌లో తెరవెనుక ఎన్ని భాగాలు కలిసిరావాలో, వాటిలో ఒక్కటి లేకపోయినా ఏమవుతుందో ఈ అధ్యాయంలో చూద్దాం.

ఒక చిన్న ప్రోగ్రాంను ఊహించుకుందాం. తాండూరులోని ఒక దాల్ మిల్లు కోసం, హైదరాబాద్‌లో ఉంటున్న ఓ కుర్రవాడు రాశాడు. బరువు, తేదీ, మిల్లు పేరు ఇస్తే సంచి మీద అంటించే లేబుల్ బొమ్మను తయారుచేస్తుంది. బొమ్మ గీసే పనికి అతను పిల్లోను తీసుకున్నాడు. ఫ్రెడ్రిక్ లుంద్ 1995లో విడుదల చేసిన పైథాన్ ఇమేజింగ్ లైబ్రరీ ఎదుగుదల ఆగిపోయాక, 2010లో దాని నుంచి చీలి వచ్చిన శాఖ ఇది. పైథాన్‌లో బొమ్మలంటే ఈ రోజు ఎక్కువమంది వాడేది దీన్నే. కుర్రవాడి ఉబుంటు ల్యాప్‌టాప్‌లో లేబుల్ ముచ్చటగా వచ్చింది. మిల్లులో ఉన్న విండోస్ కంప్యూటర్‌లోనూ పైథాన్ వేసి, పైథాన్ ప్యాకేజీలు దించే పిప్‌తో పిల్లోను దించి, అదే ప్రోగ్రాం, అదే ఫాంటు పెట్టి నడిపాడు. ఎక్కడా ఎర్రర్ రాలేదు. లేబుల్ కూడా వచ్చింది. కానీ అందులో ‘ది’ మీద తలకట్టు అలాగే ఉండి, దాని పక్కన గుడి విడిగా వేలాడుతోంది. ‘ప్పు’ రెండు ముక్కలైంది: మొదటి ‘ప’కు పొల్లు తగిలింది, కిందికి దిగాల్సిన వత్తు నిండు ‘ప’గా పక్కకొచ్చి నిలబడింది. ‘వికారాబాద్ జిల్లా’ అన్న చిరునామా కూడా అంతే, ఏ దీర్ఘమూ అక్షరానికి అతకలేదు. అదే కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిస్తే తెలుగు పత్రికలన్నీ చక్కగా కనబడుతున్నాయి.

ఇది కల్పించిన మిల్లే గాని కల్పించిన లోపం కాదు. పిల్లోతో తెలుగు, హిందీ, బెంగాలీ, అరబిక్ రాయబోయిన వాళ్ళకు బాగా తెలిసిన లోపం. దీని కారణం వెతుక్కుంటూ వెళ్తే సాఫ్ట్‌వేర్ ప్యాకేజింగ్ అనే విషయం మొత్తం కళ్ళ ముందుకొస్తుంది.

ముందు అక్షరం సంగతి. కందిపప్పు అన్న మాటను కంప్యూటర్ తొమ్మిది సంకేతాలుగా దాచుకుంటుంది: క, సున్న, ద, గుడి, ప, ప, పొల్లు, ప, కొమ్ము. వీటిలో ‘ప్పు’ ఒక్కదానికే చివరి నాలుగు ఖర్చయ్యాయి. ఫాంటులో ఈ తొమ్మిదింటికీ విడివిడిగా బొమ్మలుంటాయి. వాటిని వరుసగా పేర్చుకుంటూ పోతే వచ్చేది తెలుగు కాదు, తెలుగు విడిభాగాల కుప్ప. పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని వత్తుగా మార్చి కిందికి దింపాలి, గుడి వస్తే తలకట్టు తీసెయ్యాలి. ఏ వరుసకు ఏ రూపమో చెప్పే నియమాల పట్టిక ఫాంటులోనే ఉంటుంది. కెనడాలో ఉంటూ తిరుమల కృష్ణ దేశికాచార్యులు తీర్చిన పోతన 2000 తీసుకున్నా, గూగుల్ వారి నోటో సాన్స్ తెలుగు తీసుకున్నా, అక్షరాల అందం ఎంతో ఈ పట్టిక వెనకున్న శ్రమా అంతే. అయితే పట్టిక దానంతట అదే పనిచెయ్యదు. దాన్ని చదివి, సంకేతాల వరుసకు వర్తింపజేసే ఇంజను ఒకటి కావాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో ఆ ఇంజను పేరు హార్ఫ్‌బజ్. ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫాబోద్ దీనికి ప్రధాన రూపకర్త. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ మనకు చూపించే దాదాపు ప్రతి తెలుగు అక్షరమూ దీని చేతిమీదుగా వచ్చినదే. మిల్లు కంప్యూటర్‌లో బ్రౌజర్ తెలుగు చక్కగా ఉండటానికి కారణం అదే, బ్రౌజర్ తన హార్ఫ్‌బజ్‌ను తనతోపాటే తెచ్చుకుంటుంది.

పిల్లో మాత్రం హార్ఫ్‌బజ్‌తో నేరుగా మాట్లాడదు. మధ్యలో రక్మ్ అనే చిన్న లైబ్రరీ ఉంది. ఒమన్‌లోని ఒక ఓపెన్ సోర్స్ బృందం దీన్ని మొదలుపెట్టింది. ఒక వాక్యం ఇస్తే రక్మ్ ముందుగా ఫ్రిబిడి అనే మరో లైబ్రరీని పిలిచి, ఏ ముక్క ఎడమ నుంచి కుడికి, ఏది కుడి నుంచి ఎడమకు సాగుతుందో అడుగుతుంది. ఆ తర్వాతే ఒక్కో ముక్కనూ హార్ఫ్‌బజ్‌కు అప్పగిస్తుంది. చివరికి వచ్చిన రూపాలను ఫ్రీటైప్ చుక్కలుగా గీస్తుంది. ఇంత వరుసలో పైథాన్‌లో రాసినది పిల్లో పైపొర మాత్రమే. మిగతాదంతా సీ, సీ++ భాషల్లో రాసి, యంత్రభాషలోకి మార్చి పెట్టిన సరంజామా. సిస్టమ్ లైబ్రరీలు అంటే ఇవే.

ఒక లైబ్రరీని ఎన్నో ప్రోగ్రాములు పంచుకోవడం ఎందుకో తాండూరు వాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. వెనకట ఇంటింటా తిరగలి ఉండేది. తర్వాత ఊరందరి కందులూ ఒకే దాల్ మిల్లుకు పోయాయి. స్థలం కలిసొచ్చింది, మిల్లు యంత్రాన్ని ఒకసారి బాగుచేస్తే అందరి పప్పూ బాగుపడింది. కానీ మిల్లు మూసి ఉన్న రోజున ఎవరింట్లోనూ పప్పు లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒకేచోట ఉండే లైబ్రరీ ఆ మిల్లు. ప్రోగ్రాం తన సంచిలోనే మోసుకొచ్చే ప్రతి ఆ తిరగలి. ప్యాకేజింగ్ చేసేవాళ్ళ వాదాలన్నీ చివరికి ఈ రెండింటి మధ్యే నడుస్తాయి.

పంచుకునే లైబ్రరీని వెతికి తగిలించేది లినక్స్‌లో లోడర్ అనే చిన్న ప్రోగ్రాం. తనకు ఏయే లైబ్రరీలు కావాలో ప్రతి యంత్రభాషా ఫైలూ తన తలభాగంలో పేరు, ప్రధాన వెర్షన్ సంఖ్యతో సహా రాసుకుని ఉంటుంది. లోడర్ ఆ చీటీ చదివి, నిర్ణీత ఫోల్డర్లలో వెతికి తెస్తుంది. దొరక్కపోతే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. ఈ చీటీ చాలా మంచి ఏర్పాటు. ఏం కావాలో ముందే తెలుస్తుంది, లేనిది ఏదో కూడా తెలుస్తుంది.

అయితే పిప్‌కు ఈ చీటీతో సంబంధం లేదు. అది పైథాన్ ప్యాకేజీల పేర్లను మాత్రమే ఎరుగును. ‘నాకు నంపై కావాలి’ అని ఒక పైథాన్ ప్యాకేజీ ప్రకటించవచ్చు; ‘నాకు ఫ్రీటైప్ కావాలి’ అని ప్రకటించడానికి పైథాన్ ప్యాకేజీ వివరాల్లో పిప్ పట్టించుకునే చోటే లేదు. అందుకే తొలి రోజుల్లో పిల్లో వంటిదాన్ని దించుకుంటే సోర్స్ కోడ్ వచ్చేది. కంపైలరూ, ప్రతి సీ లైబ్రరీ హెడర్ ఫైళ్ళూ మనమే సమకూర్చుకోవాలి. విండోస్ వాడే విద్యార్థి అక్కడితో చేతులెత్తేసేవాడు. 2012లో ప్రతిపాదించిన వీల్ అనే ఫార్మాట్ ఈ కష్టాన్ని తగ్గించింది. ముందే కంపైల్ చేసిన ముక్కలను ఒక జిప్ ఫైలులో పెట్టి పంచడమే వీల్. దాన్ని విప్పి పెట్టుకుంటే చాలు.

లినక్స్‌కు అది కూడా చాలలేదు. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, సెంట్‌ఓఎస్ ఒక్కొక్కటీ ఒక్కో వెర్షన్ లైబ్రరీలతో వస్తాయి. వాటన్నిటికీ అడుగున ఉండే జీలిబ్‌సీ అనే లైబ్రరీ మరీ ముఖ్యం. పాత జీలిబ్‌సీ మీద కట్టినది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద కట్టినది పాతదాని మీద నడవదు. దీనికి 2016లో రాబర్ట్ మెక్‌గిబ్బన్, నథానియల్ స్మిత్ ఒక ఉపాయం ప్రతిపాదించారు: కావాలనే ముసలి సిస్టమ్ మీద కట్టండి. మెనీలినక్స్1 అని పేరు పెట్టిన ఆ ఒప్పందానికి ఆధారం సెంట్‌ఓఎస్ 5, జీలిబ్‌సీ 2.5. ప్రతి లినక్స్‌లోనూ తప్పక ఉంటాయనుకున్న కొద్ది లైబ్రరీలను మాత్రమే బయట నుంచి వాడుకోవచ్చు. మిగతావన్నీ వీల్‌లోనే పెట్టి పంపాలి. ఆడిట్‌వీల్ అనే పనిముట్టు ఈ మూటకట్టే పని చేస్తుంది. ఫైళ్ళ తలభాగంలోని చీటీ చదివి, కావలసిన లైబ్రరీలను తెచ్చి పక్కనే ఒక ఫోల్డర్లో పెడుతుంది. సిస్టమ్‌లో ఉన్న ప్రతితో కలిసిపోకుండా వాటి పేరు చివర ఒక గుర్తు తగిలిస్తుంది, చీటీలో కూడా ఆ కొత్త పేరే రాస్తుంది. ఆ తర్వాత ఆధారం సెంట్‌ఓఎస్ 6కు, 7కు జరిగింది. ఆపైన జీలిబ్‌సీ సంఖ్యనే పేరులో పెట్టుకునే పద్ధతి వచ్చింది. జీలిబ్‌సీకి బదులు మజిల్ అనే లైబ్రరీతో నడిచే ఆల్పైన్ లినక్స్‌కు 2021లో వేరే ఒప్పందం ప్రతిపాదించాల్సి వచ్చింది.

ఇన్ని కోట్ల మంది ఒక్క ఆదేశంతో పైథాన్‌లో బొమ్మలు, చిత్రపటాలు గీసుకుని, లెక్కలు చేసుకోగలుగుతున్నారంటే వీల్, మెనీలినక్స్‌ల చలవే. అవి చేసిన మేలు నా దృష్టిలో చాలా పెద్దది. మన కందిపప్పు మాత్రం సరిగ్గా ఈ మూటకట్టే పద్ధతి సందులోంచే జారిపోయింది.

పిల్లో 8.2.0 వెర్షన్ 2021లో వచ్చింది. అప్పటినుంచి వీల్‌లోనే రక్మ్, హార్ఫ్‌బజ్ ఉంటున్నాయి. ఫ్రిబిడి మాత్రం లేదు. అది ఎల్‌జీపీఎల్ లైసెన్సు కింద ఉన్న లైబ్రరీ. దాన్ని మార్చుకుని వాడుకునే హక్కు చివరి వినియోగదారుకు మిగలాలని ఆ లైసెన్సు కోరుతుంది. పిల్లో లైసెన్సు అంతకంటే సడలింపు గలది. కాబట్టి ఫ్రిబిడిని లోపల కలిపెయ్యకుండా, ప్రోగ్రాం నడిచేటప్పుడు సిస్టమ్‌లో ఉందేమో వెతికి, ఉంటే తెరుచుకునేలా రక్మ్‌ను సవరించారు. ఉంటే రక్మ్ మొత్తం పనిచేస్తుంది. లేకపోతే పిల్లో రక్మ్‌ను పక్కన పెట్టి, సంకేతానికో బొమ్మ చొప్పున పేర్చే ప్రాథమిక పద్ధతిలోకి దిగిపోతుంది.

ఈ ఏర్పాటులో తెలుగుకు జరిగిన నష్టం గమనించండి. తెలుగు ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే నడుస్తుంది, ఫ్రిబిడి చెప్పే జవాబు మనకు ముందే తెలుసు. వత్తులు దింపే హార్ఫ్‌బజ్ వీల్‌లో సిద్ధంగా కూర్చునే ఉంది. అయినా మనకు ఏమాత్రం అవసరం లేని లైబ్రరీ లేనందుకు, మనకు కావలసిన లైబ్రరీ దాకా పని చేరడం లేదు. అలాగని ఫ్రిబిడి ఎవరికీ అక్కర్లేనిదేమీ కాదు. తెలంగాణలో ఉర్దూ 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష. తాండూరు సంచి మీద ఉర్దూలో కూడా పేరు వేయాలనుకుంటే ఫ్రిబిడి నిజంగానే కావాలి. కుడి నుంచి ఎడమకు రాసే లిపి మనకు దూరపు వ్యవహారమేమీ కాదు.

ఇక కుర్రవాడి ల్యాప్‌టాప్‌లో ఎందుకు పనిచేసింది? ఉబుంటు డెస్క్‌టాప్‌లో కిటికీలు, మెనూల మీది అక్షరాలు గీసే పాంగో అనే లైబ్రరీకి ఫ్రిబిడి కావాలి. కాబట్టి డెస్క్‌టాప్‌తోపాటే అది వచ్చి కూర్చుంది. ఎవరూ అడగలేదు, ఎక్కడా రాసుకోలేదు. విండోస్‌లో అది ఉండదు. సర్వర్ల కోసం తయారుచేసే చిన్న డాకర్ ఇమేజ్‌లలో కూడా సాధారణంగా ఉండదు. లోడర్ చీటీలో చూద్దామా అంటే, నడిచేటప్పుడు వెతికి తెరిచే లైబ్రరీ పేరు ఆ చీటీకి ఎక్కదు. లైబ్రరీల జాబితా చూపే ఎల్‌డీడీ ఆదేశానికీ కనబడదు, ఆడిట్‌వీల్‌కూ కనబడదు. అన్ని పరీక్షలూ నెగ్గి, ఒక్క తెలుగు అక్షరం దగ్గర ఓడిపోయే ప్రోగ్రాం ఇలా తయారవుతుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఆ నిశ్శబ్దం. ఇంగ్లీషులో పేరు వేసేవాడికి ప్రాథమిక పద్ధతి చాలు. రక్మ్ ఉందో లేదో అతనికి జీవితాంతం తెలియకపోయినా నష్టం లేదు. అతనికి దిగువ మెట్టు కూడా సుఖంగానే ఉంటుంది గనుక, చెప్పకుండా దిగిపోవడం సౌకర్యంగా తోస్తుంది. మనకు ఆ మెట్టు మీద భాషే లేదు. తెలుగు చదవలేని ఇంజనీరు ఆ లేబుల్ చూస్తే అంతా సవ్యంగా ఉందనే అనుకుంటాడు.

గట్టిగా అరిచే లోపం ఎంత మేలో తాండూరు ఉన్న వికారాబాద్ జిల్లా పటం గీయబోతే తెలుస్తుంది. జిల్లా భూగోళం విచిత్రమైనది. అనంతగిరి కొండల దగ్గర పుట్టిన మూసీ తూర్పున హైదరాబాద్ వైపు పారుతుంది. కాగ్నా తాండూరు మీదుగా పడమటికి పోయి భీమలో కలుస్తుంది. రెండు నీళ్ళూ చివరికి కృష్ణలోకే చేరతాయి, దారులు మాత్రం ఎదురెదురు. ఉపగ్రహాలు కొలిచిన ఎత్తుల నుంచి ఈ నీటి విభజన రేఖను పైథాన్‌లో గీయడం విద్యార్థులకు చక్కటి అభ్యాసం. దానికి జీడాల్ కావాలి. ఫ్రాంక్ వార్మర్‌డామ్ 1998లో మొదలుపెట్టిన ఈ లైబ్రరీ భూగోళ సమాచారపు ఫైళ్ళను చదవడంలో దిట్ట. అక్షాంశ రేఖాంశాలను సమతలం మీదికి మార్చడానికి ప్రాజ్ అనే మరో లైబ్రరీ కావాలి. ఇక్కడ మార్పిడి తప్పదు కూడా. ప్రపంచాన్ని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోసే యూటీఎం పద్ధతిలో 43వ పట్టీకి, 44వ పట్టీకి సరిహద్దు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ గీత వికారాబాద్ పట్టణానికి దాదాపు 10 కిలోమీటర్ల తూర్పున పోతుంది. తాండూరు, వికారాబాద్ ఒక పట్టీలో ఉంటే, మూసీ పారే హైదరాబాద్ మరో పట్టీలో ఉంది.

పైథాన్ ప్యాకేజీల భాండాగారమైన పైపీఐలో జీడాల్ పేరుతోనే ఉన్న ప్యాకేజీ సోర్స్ కోడ్‌గా మాత్రమే దొరుకుతుంది. సిస్టమ్‌లో ఉన్న జీడాల్ వెర్షన్, దించుకునే పైథాన్ ప్యాకేజీ వెర్షన్ సరిపోలకపోతే కంపైల్ చేస్తుండగానే తెరనిండా ఎర్రర్లు. చూడటానికి భయంకరంగా ఉంటుంది గాని, తప్పు జరిగిందని మాత్రం దాచదు. ఈ బాధ లేకుండా జీడాల్‌ను లోపలే పెట్టుకుని వచ్చే రాస్టీరియో వంటి వీల్స్ ఉన్నాయి. పైప్రాజ్ కూడా ప్రాజ్‌ను, దాని డేటాబేస్ ఫైలును తనతోనే తెస్తుంది. రాస్టీరియో లాంటి వీల్స్‌తో మరో చిక్కు. విండోస్ యంత్రంలో పోస్ట్‌జీఐఎస్ అనే భూగోళ డేటాబేస్ వంటిది ముందే ఉండి, ‘ప్రాజ్ డేటాబేస్ ఫలానా చోట ఉంది’ అని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి ఉంటే, వీల్‌లోని కొత్త ప్రాజ్ పోయి ఆ పాత డేటాబేస్‌ను తెరుస్తుంది. తెరిచి ఊరుకోదు. ఈ డేటాబేస్ వెర్షన్ నాకు కావలసినదానికంటే తక్కువ, ఇది వేరే ప్రాజ్ నుంచి వచ్చినట్టుంది అని స్పష్టంగా చెబుతుంది. ఆ ఒక్క వాక్యం రాసిన వాళ్ళు ఎంతమంది రాత్రుల నిద్ర కాపాడారో!

తిరగలి, మిల్లు వాదంలో ఒక పక్షమే సరైనదని నేననను. రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చిన అక్షరం తెలుగుదే. ‘జ్ఞ’కూ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక విభజన సంకేతం చేరిన ‘జ్ఞా’ ఎవరైనా పంపితే, దాన్ని చూపించబోయిన యాప్ అక్కడికక్కడే మూతబడేది. మామూలుగా రాసే ‘జ్ఞా’కు ఏ ఇబ్బందీ లేదు. లోపం కోర్‌టెక్స్ట్ అనే ఆపిల్ సిస్టమ్ లైబ్రరీలో ఉంది. మెసేజ్‌లు, వాట్సాప్, ఇంకా ఎన్నో యాప్‌లు అక్షరాలకు దాని మీదే ఆధారపడ్డాయి గనుక అన్నీ ఒకేసారి దెబ్బతిన్నాయి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చింది. యాప్‌లు రాసినవాళ్ళు ఒక్క వరుస కూడా మార్చకుండానే అన్ని యాప్‌లూ బాగుపడ్డాయి.

2023 సెప్టెంబరులో దీనికి పూర్తిగా ఎదురు కథ నడిచింది. వెబ్‌పీ బొమ్మలను విప్పే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో ప్రమాదకరమైన లోపం బయటపడింది. జాగ్రత్తగా వండిన ఒక బొమ్మను పంపి, చూసేవారి కంప్యూటర్‌లో చొరబడే వీలున్న లోపం అది. సిస్టమ్‌లో ఉన్న ప్రతిని డెబియన్, ఉబుంటు వాళ్ళు సవరించారు. కానీ బ్రౌజర్ల లోపల ఒక ప్రతి, ఎలక్ట్రాన్‌తో కట్టిన ప్రతి యాప్‌లో ఒక ప్రతి, పిల్లో వీల్‌లో ఒక ప్రతి ఉన్నాయి. వాటన్నిటినీ విడివిడిగా బాగుచేయాల్సి వచ్చింది. పిల్లో బృందం కొద్ది రోజుల్లోనే 10.0.1 విడుదల చేసింది. అయితే ఎప్పుడో ఒకసారి పిప్‌తో దించుకుని మరిచిపోయిన యంత్రాలకు ఆ కబురు ఎవరు చేరవేస్తారు? మిల్లులో ఉన్న కంప్యూటర్‌లో సిస్టమ్ అప్‌డేట్లన్నీ క్రమం తప్పకుండా వేసినా, పైథాన్ ఫోల్డర్‌లో ఉన్న పాత లిబ్‌వెబ్‌పీ పాతదిగానే మిగులుతుంది. మోసుకొచ్చిన తిరగలికి గంటు పెట్టించే పూచీ మోసుకొచ్చినవాడిదే.

ఒకే ప్రోగ్రాంలోకి ఒకే లైబ్రరీ రెండు ప్రతులు చేరితే వచ్చే తంటా ఇంకొకటి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో మాట్లాడే సైకోపీజీ2 తన వీల్‌లో ఎస్ఎస్ఎల్ లైబ్రరీని పెట్టుకుని వచ్చింది. పైథాన్ వాడుకునే ఎస్ఎస్ఎల్ సిస్టమ్‌ది. కొన్ని సందర్భాల్లో రెండూ ఢీకొని ప్రోగ్రాం కుప్పకూలేది. చివరికి ఆ వీల్‌కు వేరే పేరు పెట్టి విడిగా పంచి, నిజమైన సేవల్లో మాత్రం సిస్టమ్ లైబ్రరీతో కట్టుకోమని సలహా ఇచ్చారు.

ఈ చిక్కులన్నిటి మూలం ఒక్కటే: పైథాన్ ప్యాకేజీ తన బయటి అవసరాలను చెప్పుకోలేదు. మనుషులు చదివే సూచనల్లో చెబుతుంది గాని, యంత్రం చదివే చోట కాదు. కొండా అనే ప్యాకేజీ వ్యవస్థ 2012లో పుట్టింది ఈ గోడ దాటడానికే. దానికి పైథాన్ ప్యాకేజీ, సీ లైబ్రరీ, కంపైలరు అన్నీ సమానమే. అందుకే భూగోళ పటాల పనికి నేను కొండా-ఫోర్జ్ దారినే సూచిస్తాను, అక్కడ జీడాల్, ప్రాజ్ ఒక్కొక్క ప్రతే ఉండి అన్నిటికీ సరిపోతాయి. పైథాన్ సొంత వ్యవస్థలో ఈ లోటు తీర్చడానికి 2023లో ప్రద్యున్ గేదం, రాల్ఫ్ గోమర్స్ ఒక ప్రతిపాదన ముందుపెట్టారు, దాని సంఖ్య 725. ప్యాకేజీ వివరాల ఫైలులో ‘బయటివి’ అని ఒక విభాగం తెరిచి, కట్టేటప్పుడు ఏం కావాలి, నడిచేటప్పుడు ఏం కావాలి అని విడివిడిగా రాయమంటుంది. పిప్ వాటిని తెచ్చిపెట్టదు. కానీ ఫ్రిబిడి అన్న పేరు యంత్రం చదవగలిగే చోట ఒకసారి పడితే, డెబియన్‌లో దాన్ని ఏమంటారు, ఫెడోరాలో ఏమంటారు అన్నది మరో పనిముట్టు పోల్చి చెప్పగలదు. లేనప్పుడు ‘ఇది లేదు’ అని అయినా చెప్పగలదు.

అంతదాకా ఆ లేబుల్ ప్రోగ్రాం రాసిన కుర్రవాడు చేయగలిగినవి ఉన్నాయి. సర్వర్ మీద నడిపేటట్టయితే డాకర్ ఫైలులో ఆప్ట్ వరుసకు ఫ్రిబిడి ప్యాకేజీ పేరు చేర్చాలి, ఒక్క మాట పని. మిల్లు యంత్రం సంగతి వేరు. అక్కడ ప్యాకేజీలు వెతికి పెట్టేవారు ఉండరు కాబట్టి, ఫ్రిబిడి డీఎల్ఎల్‌ను ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లోనే విడి ఫైలుగా పెట్టి ఇవ్వాలి. విడి ఫైలుగా ఉంటే దాన్ని మార్చుకునే వీలు వాడేవారికి మిగులుతుంది, ఎల్‌జీపీఎల్ కోరేది కూడా అదే. లైసెన్సు పాఠాన్ని పక్కన ఉంచాలి. అలా ఇచ్చాక పిల్లో కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మిల్లుకు కొత్త ప్రతి పంపే బాధ్యత కూడా అతనిదే అవుతుంది. దీన్ని పనిలో భాగంగా ముందే లెక్క వేసుకోవాలి.

ప్రోగ్రాం మొదలవగానే రక్మ్ ఉందా అని పిల్లోనే అడగవచ్చు, ఫీచర్స్ అనే భాగంలో దానికి తగిన ప్రశ్న ఉంది. నేనైతే ఇంకో పరీక్ష కూడా పెడతాను. వాడబోయే ఫాంటుతో ‘న’ వెడల్పు కొలిచి, తర్వాత ‘న్న’ వెడల్పు కొలవాలి. వత్తు కిందికి దిగితే రెండో కొలత మొదటిదానికి దగ్గరగా ఉంటుంది. దిగకపోతే రెట్టింపు వస్తుంది. లైబ్రరీ పేర్లు రేపు మారవచ్చు, రక్మ్ స్థానంలో మరొకటి రావచ్చు. ఈ పరీక్ష మాత్రం అక్షరాన్నే అడుగుతుంది గనుక చెల్లుతూనే ఉంటుంది. దీన్ని డెస్క్‌టాప్‌లో కాక, ఏమీ వేయని ఖాళీ డాకర్ ఇమేజ్‌లోనూ, అప్పుడే పెట్టిన విండోస్‌లోనూ నడపాలి. ల్యాప్‌టాప్‌లో నెగ్గిన పరీక్ష ఆ ల్యాప్‌టాప్ గురించే చెబుతుంది.

పరీక్ష తప్పితే లేబుల్ అచ్చు వేయకుండా ఆగిపోవాలి. ఒక చిన్న పెట్టె తెరిచి, ‘తెలుగు అక్షరాలు కూర్చడానికి కావలసిన ఫ్రిబిడి ఈ కంప్యూటర్‌లో దొరకలేదు. అది పెట్టేదాకా లేబుల్ వేయను’ అని చెప్పాలి. తెలుగులోనే చెప్పవచ్చు. విండోస్ తన సందేశాల పెట్టెను గీసేది తన సొంత అక్షర యంత్రాంగంతో. దానికి పిల్లోతోనూ ఫ్రిబిడితోనూ పనిలేదు, కాబట్టి ఆ వాక్యంలో ప్రతి వత్తూ తన చోటనే కనబడుతుంది.